నాలుగో రోజు సూర్యుడు

పగవాణ్ణి క్షమించమని మా నాన్న ప్రతి ఆదివారం చెప్పేవాడు. విని విని చెవులు తూట్లు పడ్డాయి గానీ, ఆ సైన్సు మాస్టార్ని మాత్రం నేను క్షమించలా. ఇప్పటికీ అంతే.

జగ్గయ్యపేట హైస్కూల్లో చదివేటప్పటి సంగతి. మాది చిల్లకల్లు పక్క పాలెం. నాన్న వారమంతా కూలికి పోయేవాడు, ఆదివారం మా పాకచర్చిలో వాక్యం చెప్పేవాడు. సైన్సు పరీక్షలో 'వెలుగుకి మూలమేది?' అని అడిగితే, 'దేవుడు. వెలుగు మొదటి రోజు వచ్చింది, సూర్యుడు నాలుగో రోజు వచ్చాడు' అని రాసా. ఇంట్లో విన్నదే రాసా మరి! మాస్టారు నా పేపరు పైకి చదివి పడీపడీ నవ్వాడు. అంతటితో ఊరుకోవచ్చుగా? మా నాన్నని పిలిపించాడు.

నాన్న ఉతికిన పంచె కట్టుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మాస్టారు ఆయన్ని క్లాసు మధ్యకి రమ్మని, తలుపులూ కిటికీలూ మూయించాడు.

"ఏమయ్యా, సూర్యుడు లేడుగా ఇప్పుడు. వెలుగు చూపించు. మీ దేవుడు మూడు రోజులూ లాంతరు పట్టుకు తిరిగాడా?"

క్లాసంతా ఒకటే నవ్వు. నాన్న "తెలీదండి" అని తల దించుకుని వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నాన్న బైబిల్లో మొదటి పేజీ తెరవలా. వాక్యం ఎప్పుడూ నోవహు ఓడ దగ్గరే మొదలయ్యేది. ఆ పేజీ నాన్న మళ్ళీ నలుగురిలో చదవాలి, ఆ మాస్టారు నలుగురిలో 'తెలీదు' అనాలి. నాకింకేం అక్కర్లేదనుకున్నా.

కసితోనే బీయస్సీ చదివా. సూర్యుడికంటే ముందు పుట్టిన నక్షత్రాలున్నాయని, వాటి వెలుగు ముందు సూర్యుడు నిన్నగాక మొన్నటివాడని అక్కడ తెలిసింది. బైబిలు ఫిజిక్సు పుస్తకమని నేననను. కానీ సూర్యుడు లేకపోతే వెలుగే లేదన్న ఆయనదీ ఫిజిక్సు కాదు! చిన్నప్పుడు గొడ్లపాకలో చీకటిమూల కూచుని పలుగురాళ్ళు ఒకదానికొకటి రాసి, లోపల వెలుగుతుంటే కేరింతలు కొట్టేవాళ్ళం. ఆ రోజు క్లాసులో అది బుద్ధికి తట్టలేదే అని ఎంత ఏడ్చానో.

ఆ మాస్టారు నందిగామలో హెడ్మాస్టరయ్యాడని విని, నాకు టీచరుద్యోగం రాగానే అడిగి మరీ అక్కడికే వేయించుకున్నా. నన్ను గుర్తుపట్టలా. మంచిదే అనుకున్నా.

ఇన్‌స్పెక్షన్ అంటే పిల్లల చేత ఒకే పాఠం వారం ముందు నుంచీ వల్లె వేయించడం అప్పటి పద్ధతి. ప్రశ్న అడిగితే జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. అందరూ ఎత్తినట్టే ఉంటుంది! హెడ్మాస్టరు వల్లె వేయించమన్న పాఠం నేను పక్కన పెట్టేశా. ఇన్‌స్పెక్షన్ రోజు కిటికీలకి గోనెపట్టాలు కట్టించి, ఇన్‌స్పెక్టరు పక్కన దర్జాగా కూచున్న ఆయన్నే అడిగా.

"సార్, సూర్యుణ్ణి బయటికి పంపించేశాం. ఇప్పుడిక్కడ వెలుగు పుడుతుందాండి?"

"సూర్యుడు లేకుండా ఎలా పుడుతుందమ్మా!" అని నవ్వాడు. అదే నవ్వు.

చిల్లకల్లు నుంచి తెచ్చిన రెండు పలుగురాళ్ళు తీసి బలంకొద్దీ రాసా. రాళ్ళ లోపల పచ్చగా వెలిగింది. పిల్లలు హోయ్‌మని అరిచారు.

"ఇదెక్కడి వెలుగండీ, హెడ్మాస్టరు గారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన "తెలీదండి" అన్నాడు.

"జగ్గయ్యపేటలో మీరు నిలబెట్టి అడిగితే మా నాన్న కూడా ఇదే మాట అన్నాడండి," అన్నా. పట్టాలు తీయించేసరికి ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నా కడుపు నిండిపోయింది.

ఆ శనివారం ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పా. తిడతాడేమోనని భయపడుతూనే చెప్పా. నాన్న లేచి తలుపు దగ్గరికేసి వచ్చి, గొంతు తగ్గించి, "మొహం ఎట్టా పెట్టాడే? మళ్ళీ చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పా.

తెల్లారి చర్చిలో నాన్న మొదటి పేజీ తెరిచి, నాలుగో రోజు దాకా గొంతెత్తి చదివాడు. ఆ ఆదివారం మాత్రం పగవాణ్ణి క్షమించమన్న మాట ఎత్తలా.