పట్టు రుమాలు దాగిన చోటు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో నాలుగంగుళాల మంచు పడితే, కిటికీలు మునిగిపోయాయని ఫోన్‌లో మా అక్కకి చెబుతాను. అక్క నా ప్రతి మాటనీ పదితో భాగించుకుని వింటుంది. మీరూ అలాగే చదువుకోండి, ఇద్దరికీ సుఖం.

ఈ ఉదయం మా ఆవిడ సుధ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వమని ఒక పట్టుచీర తీసి నా చేతిలో పెట్టింది. నోవైలో జనవరి నెల. ఈ మిషిగన్ చలికి నా వేళ్లు ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. పట్టు ఆ పగుళ్లకి తగులుకుని చిర్రుమంది. చాలా చిన్న చప్పుడు. నాకు మాత్రం గోడ కూలినట్టు వినపడింది, దాని వెనకే ఒక గొంతు కూడా: "చేతులకి ఇంత కొబ్బరినూనె రాసుకోకుండా పట్టు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానయ్యా, మొద్దు ఇంజినీరూ!" ఆ గొంతు అనసూయ గారిది. ఆవిడ పోయి రెండేళ్లయింది. చీర పట్టుకుని గరాజ్‌లో ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మూడు గంటలని రాద్దామనుకున్నాను కానీ సుధ ఇది చదువుతుంది.

అనసూయ గారు మత్తుమందు డాక్టరు. ముప్పై అయిదేళ్లపాటు ఆపరేషన్లకి ముందు మనుషుల్ని నిద్రపుచ్చి, అయ్యాక లేపి, రిటైరయ్యాక పట్టు రుమాళ్లని మాయం చేసే విద్య పట్టుకున్నారు. "రెండూ ఒకటే పని. మాయం చేయడం ఎవడైనా చేస్తాడు, వెనక్కి తేవడంలోనే ఉంది డాక్టరీ" అనేవారు. పొడుగు అయిదడుగులు. నేను చెప్పేటప్పుడు ఏడడుగులు, కళ్లజోడు కాక. పొందూరు చీర, దానిమీద మగవాళ్ల ఉన్ని స్వెటరు, కాళ్లకి మంచు బూట్లు. ఆ వేషంలో ఆవిడ షాపింగ్ మాల్‌లో నడుస్తుంటే ఎస్కలేటర్లు కూడా పక్కకి తప్పుకునేవి.

నేను ఆవిడకి పరిచయమైన తీరు చెప్పుకోదగ్గది కాదు. అందుకే చెబుతాను. నేను ఈ ఊరికి వచ్చిన కొత్త. కారు సీటు బెల్టు వదిలేయగానే దాన్ని లోపలికి లాక్కునే స్ప్రింగు డిజైన్ చేయడం నా ఉద్యోగం. ఒక శనివారం ఎవరింట్లోనో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. బేస్‌మెంట్ నిండా జనం, సుమారు నాలుగు వేలు. అనసూయ గారు ఆకుపచ్చ రుమాలు ఒకటి గుప్పిట్లో కుక్కి, ఊది, చెయ్యి తెరిచారు. రుమాలు లేదు. జనం చప్పట్లకి చేతులు ఎత్తుతున్నారు. నేను చివరి వరసలోంచి అరిచాను: "ఎలాస్టిక్! స్వెటర్ చేతిలో ఎలాస్టిక్ ఉంది! మా సీటు బెల్టులాగే లాగేసింది!"

ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎవరి నోట్లోనో సమోసా కూడా నలగడం ఆపేసిందని నా నమ్మకం. అనసూయ గారు కళ్లజోడు సర్దుకుని నన్ను వెతికి పట్టుకున్నారు.

"ఎవరబ్బాయ్ నువ్వు?"

"ఇంజినీర్నండీ."

"అది తెలుస్తూనే ఉంది. రేపు పదింటికి మా ఇంటికి రా. ఇడ్లీలు పెడతాను."

తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను. ఇడ్లీలే తిన్నాను, నలభై. ఆవిడ ఎదురుగా కూర్చుని, "నువ్వు అన్నది కరెక్టే. ఎలాస్టిక్కే. సరే, నీకు తెలిసింది. పదిమందికీ చెప్పాలని ఎందుకనిపించింది?" అని అడిగారు. నేను ఇంకో ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాను. "చూడూ, దాచేవాళ్లు ఒక్కళ్లే అయితే ఏ ఆటా నిలబడదు. చూసేవాళ్లు కూడా కొంచెం దాచిపెట్టాలి" అని, లేచి వెళ్లి ఒక డ్రాయరు మొత్తంగా లాగి తెచ్చి నా ముందు బోర్లించారు.

అందులో ఉన్నవన్నీ రుమాలు దాక్కునే చోట్లు. స్వెటర్ చేతిలోకి లాగే ఎలాస్టిక్, ఒకవైపు చిల్లు ఉన్న బోలు గుడ్డు, అరచేతిలో ఇమిడే చిన్న డిప్ప, బొటనవేలికి తొడిగే ప్లాస్టిక్ తొడుగు. ఈ తొడుగు అచ్చం వేలి కొసలా ఉంటుంది, గోరుతో సహా. రుమాలు దాన్లో కూరి, తొడుగు వేలికి ఎక్కించేస్తే చెయ్యి ఖాళీ. ఈ రహస్యం రాసినందుకు ప్రపంచంలోని ఇంద్రజాలికులంతా కలిసి నా మీదకి వస్తారని తెలుసు. రానివ్వండి, ఇడ్లీలు పెడతాను.

"మొట్టమొదట నేను చేసిన తప్పేమిటో చెప్పనా? మా అమ్మాయి పెళ్లి చీర జాకెట్టు ముక్క మిగిలితే రుమాలు కుట్టించాను. కంచిపట్టు! జరీ అంచుతో!" అని ఆవిడ నవ్వారు. కంచిపట్టుకి నలగడం అనేది వంశంలో లేదు. గుడ్డులో కుక్కితే, సరిగ్గా మంత్రం చదివే సమయానికి అది విప్పుకుని టప్పున బయటికి దూకి, ముందు వరసలో కూర్చున్న ఒకాయన సాంబారులో పడిందట. "అప్పుడు బుద్ధొచ్చింది. ముందు దాచే చోటు చూసుకో. దానికి తగ్గ రుమాలు తర్వాత కొనుక్కో. అందరూ తిరగేసి చేస్తారు."

ఆ చోటు కూడా మన ఒంటికి తగ్గది కావాలి. ఎలాస్టిక్ అనేది కోటు వేసుకునే మగవాడి కోసం పుట్టింది. చీర మీద స్వెటర్ తగిలించి మోసం చేయబోతే నాలాంటి వెధవ పట్టేస్తాడు. గుడ్డు పెద్దది, ఆవిడ చెయ్యి చిన్నది. మిగిలింది బొటనవేలి తొడుగు. అది అన్నిటికన్నా గొప్పదే, ఒక్క చిక్కు తప్ప. అమ్మేవన్నీ గులాబీ రంగువి. తయారుచేసినవాడు లోకంలో ఒకే రంగు చెయ్యి ఉందనుకున్నాడు. ఆవిడ చామనఛాయ వేలికి అది తొడిగితే, వేలి కొసన ఇంకెవరో వచ్చి కూర్చున్నట్టుండేది.

ఆ తొడుగుకి రంగు వేయడానికి మేమిద్దరం పడ్డ పాట్లతో రెండు డాక్టరేట్లు వచ్చేవి. కాఫీ డికాక్షన్‌లో నానబెట్టాం. పసుపులో ఉడకబెట్టాం. చింతపండు పట్టించాం, దాంతో అది ఇంకా తెల్లబడి మెరిసింది. పదకొండు రకాల గోళ్ల రంగులు కలిపాం. చలికాలం ఒక రంగు కుదిరితే, ఎండ వచ్చేసరికి ఆవిడ చెయ్యి రంగు మారేది. అలా ఏడాది గడిచింది. ఆషాఢంలో ఒకరోజు వెళ్లేసరికి ఆవిడ తలుపు తీసి రెండు చేతులూ నా మొహం మీదకి చాపారు. పది వేళ్లకీ గోరింటాకు, మొదటి కణుపు దాకా ఎర్రటి టోపీలు.

"ఇందులో ఒకటి ప్లాస్టిక్. ఏదో చెప్పు!"

నాకు కనపడలేదు. బొటనవేలి తొడుగుకి గోరింటాకు ఎరుపు వేసేశారు. మామూలుగా అతుకు కనిపించే గీత, గోరింటాకు ఆగే గీత రెండూ ఒక్కచోటే ఉన్నాయి. సరిహద్దు మీద కంచె కడితే ఎవరు శంకిస్తారు? మా అమ్మమ్మల కాలం నుంచి వేళ్లకి టోపీలు పెట్టుకుంటున్నాం కానీ, వాటికి ఇలాంటి ఉపయోగం ఉందని ఎవరూ అనుకోలేదు. ఆవిడ ఆనందం చూసి బయట మంచు కరిగింది. ఆషాఢంలో మంచు ఉండదని మీకూ తెలుసు, ఊరుకోండి.

ఆ తర్వాత పదిహేను ఉగాదులు, మా తెలుగువాళ్ల పండగ సభలో ఆవిడ రుమాలు మాయమవుతూనే ఉంది. గోరింటాకు పొడి ఇండియన్ స్టోర్‌లో నేనే కొనేవాణ్ని. నాకు ఏ రహస్యం తెలిసినా నోరు మూసుకోవడం కూడా ఆ ఏళ్లలోనే కొంచెం కొంచెంగా వచ్చింది.

తర్వాత ఆవిడ చేతులు వణకడం మొదలైంది. డాక్టరు కనక జబ్బు పేరు ఆవిడే ముందు చెప్పుకున్నారు, మందులు వేసుకున్నారు. ఆ సంవత్సరం ఉగాదికి రెండు వారాల ముందు తెలుగు సంఘంవాళ్లు ఫోన్ చేసి, "ఈసారి మీరు రెస్ట్ తీసుకోండి మేడమ్. స్టేజ్ మీద చీఫ్ గెస్ట్‌గా కూర్చోండి, శాలువా కప్పుతాం" అన్నారట. నేను వెళ్లేసరికి ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఆ డ్రాయరులోవన్నీ పరిచి ఉన్నాయి.

"శాలువా కప్పుతారుటయ్యా. వణికే దాన్ని కప్పిపెడతారన్న మాట" అన్నారు. "ఇంకొక్కసారి చేస్తాను. ఒక్కసారే. జనం రుమాలు చూడాలి, నా చేతులు చూడకూడదు. ఎలా దాచాలో చెప్పు."

తొడుగు ఎక్కించుకోబోతే బొటనవేలు దారి తప్పింది. రెండోసారీ తప్పింది. గుడ్డు టేబుల్ మీద టకటకలాడింది. డిప్ప జారి కింద పడింది. ఆవిడ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. నా చెయ్యి ఊరికే టేబుల్ మీద ఉంది. ఆవిడ దానికేసి చాలాసేపు చూశారు.

"నీ చెయ్యి కదలదేం?"

"సీటు బెల్టులు చేసే చెయ్యి కదండీ. కుదుపొస్తే బిగుసుకుపోతుంది."

"అయితే చోటు దొరికింది" అన్నారు.

పథకం ఇదీ. ఆవిడ సభలోంచి ఎవరినో పిలిచినట్టు నన్ను పిలుస్తారు. రుమాలు నా గుప్పిట్లో కుక్కుతారు. తన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని మంత్రం చదువుతారు. ఆ వణుకు మంత్రంలో కలిసిపోతుంది. దొంగతనం మాత్రం నా బొటనవేలు చేస్తుంది. తొడుగు నా వేలికి. అంటే ఎర్ర తొడుగు. అంటే...

"పది వేళ్లకీనా?" అన్నాను.

"ఒక్కదానికే పెట్టుకుంటే అనుమానం రాదూ?" అన్నారు, చాలా సీరియస్‌గా. మేమిద్దరం అంత తెలివైనవాళ్లం.

ముందురోజు సెలవు పెట్టాను. కారణం అడిగితే, వేళ్లు పండాలని మా మేనేజరుకి ఎలా చెప్పను? "ఫ్యామిలీ ప్రొసీజర్" అన్నాను. పాపం, త్వరగా కోలుకోవాలన్నాడు. సుధ నా వేళ్లకి గోరింటాకు పెట్టి, నా సైజుకి కొన్న పెద్ద తొడుగుకి ఎరుపు వేసి, అయిదు గంటలపాటు నాకు అన్నం, మంచినీళ్లు, చీవాట్లు నోట్లోనే అందించింది. "పెళ్లికూతురు గారికి పెరుగు వేయమంటారా?" అని కూడా అడిగింది.

ఉగాది సాయంత్రం స్కూలు ఆడిటోరియంలో సభ. మూడు వందల మంది. ఈ ఒక్క అంకె నేను పెంచలేదు. శాలువా వద్దని, అనసూయ గారు స్టేజ్ మధ్యకి నడిచారు. నన్ను పిలిచారు. ఆకుపచ్చ రుమాలు నా గుప్పిట్లో కొంచెం కొంచెంగా కుక్కారు. ఆవిడ వేళ్లు నా చేతి మీద పిచ్చుకలా కొట్టుకుంటున్నాయి. బొటనవేలు లోపలికి తోశాను, తొడుగు ఎక్కింది. "ఊదవయ్యా!" అన్నారు. ఊదాను. చెయ్యి తెరిచాను. లేదు! ఆ మూడు వందల మందిలో ఒక్కరూ కనిపెట్టలేదు. చప్పట్లకి సీలింగ్ పెచ్చులు రాలాయి. ఆవిడ జనానికి నమస్కారం పెట్టారు. జోడించిన చేతులు కుదురుగా ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకున్నాయి కదా.

అదే ఆవిడ ఆఖరి ఆట. తర్వాత మూడేళ్లు బతికారు. ఆ రోజు తర్వాత సభల్లో ముందు వరసలో కూర్చునేవారు, శాలువా కప్పితే కప్పించుకునేవారు కూడా.

రుమాళ్ల విద్య నాకు ఎప్పుడూ సరిగా అబ్బలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నది వేరే ఉంది. మీటింగుల్లో కొత్తగా చేరిన అమ్మాయి తడబడితే, ఆ తప్పు నాకు కనిపిస్తుంది, గొంతు దాకా వస్తుంది. అక్కడే ఆపుతాను. కాఫీ కప్పు పట్టుకున్న పెద్దవాళ్ల చెయ్యి వణికితే మొహంకేసి చూస్తూ మాట్లాడతాను. చివరి వరసలోంచి అరిచిన మనిషికి ఇది తక్కువ చదువు కాదు.

ఇక కల్పించింది ఏదో ఒప్పుకోవాలి. ఇడ్లీలు, జనం, పొడుగు, సీలింగు పెంచినవే, కల్పించినవి కావు. పూర్తిగా కల్పించింది ఒక్కటే.

ఆ రోజు ఆట అయ్యాక భోజనాల వరసలో నిలబడ్డాను. నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, ప్లేటు పట్టుకున్న నా వేళ్లు చూసి, "బాగా పండింది బాబూ" అన్నారు. పులిహోర వడ్డిస్తున్నావిడ కూడా చూసి, "అవునండీ, ఎర్రగా పండింది" అని ఇంకో గరిటె ఎక్కువ వేసింది. నీళ్ల దగ్గర ఇంకొకావిడ అదే మాట. ఎందుకు పెట్టుకున్నావని ఎవరూ అడగలేదు. పది వేళ్లకీ గోరింటాకు టోపీలతో మీసాలున్న మనిషి స్టేజ్ ఎక్కితే, మూడు వందల మంది తెలుగువాళ్లకి ఏదో ఉందని తెలియదా?

కారులో ఇంటికి దింపుతుంటే, అనసూయ గారు అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ అడిగారు.

"ఎవరైనా కనిపెట్టారంటావా?"

"ఒక్కరు కూడా కనిపెట్టలేదండీ" అన్నాను.

కల్పించింది అదే.