అత్త మెడలోని అంబర్ పువ్వు

ఉద్యోగం కొత్తలో మనిషికి రెండు జబ్బులుంటాయి: తనకన్నీ తెలుసనుకోవడం, తెలిసినదాన్ని ఎవరో కాజేస్తారనుకోవడం. మదనపల్లెలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరుగా చేరిన ఆ రోజుల్లో నాకు రెండూ బాగా ముదిరి ఉన్నాయి. పుంగనూరులో ఉండే మా మేనత్త మెడలోని తేనెరంగు పూసను అప్పుడే మొదటిసారి శ్రద్ధగా చూశాను. ఆమె మామగారు ఎప్పుడో బర్మా నుంచి తెచ్చాడట. లోపల ఆవగింజంత పువ్వు, ఐదు రేకులు. అంబర్! ఏ కాలపు చెట్టు బంకో మట్టిలో పడి రాయైపోతే, అందులో చిక్కిన పువ్వు ఇంకా వాడలేదు. అది ఏ కుటుంబానిదో తేల్చాలి, కొత్త జాతైతే దానికి నా పేరు పెట్టించుకోవాలి (పేరు చివర లాటిన్ తోక ఏది తగిలించాలో కూడా చూసి పెట్టుకున్నాను).

"యాలరా అట్ల సూస్తాండావు? మార్సి దుడ్లు సేసుకునేదానికా?" అంది అత్త.

కుప్పంలో నాకు చదువు చెప్పిన సారు దగ్గర మంచి మైక్రోస్కోపు ఉంది. పూస ఇవ్వమంటే అత్త ఇవ్వలేదు. "అది యాడికి పోతే నేనూ ఆడికే" అని తనే బస్సెక్కింది. దారి పొడుగునా ఆమెకు నా మీద అనుమానం, నాకు సారు మీద అనుమానం. ముందే ఫోటో పంపమన్నాడాయన. తన పేరుతో అచ్చేసుకుంటాడేమోనని, ఫోన్ కెమెరా పాడైందని చెప్పాను.

"మెడలోది తీయమ్మా" అన్నాడు సారు.

"తీసేది లేదప్పా. ఇట్లే సూడు."

అత్త స్టూలు మీద కూర్చుని, మెడ వంచి, దారంతో సహా పూసను కటకం కింద పెట్టింది. ఆమె ఊపిరి పీల్చినప్పుడు పువ్వు కనిపించేది, వదలగానే మాయమయ్యేది. ప్లాస్టిక్ పూసైతే మునుగుతుందని సారు గ్లాసులో చిక్కటి ఉప్పునీళ్లు కలిపి తెస్తే, దాని మీదికీ అలాగే వంగింది. పూస తేలింది! సారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం (నేను కాస్త అనుమానంగానే).

"రేకులు ఐదుండాయి. అండాశయం వాటికి పైన ఉండాదా, కింద ఉండాదా అనేది తెలీకుండా గాలిబుడగ అడ్డమొస్తాండాది. అది కనపడితేనే యా కుటుంబమో చెప్పగలం. ఒక పక్క అరగదీయాల" అన్నాడాయన.

అత్త పూసను గుప్పిట్లో మూసి, సారును వదిలేసి నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పురా. అరగదీస్తే పువ్వు మిగులుతాదా?"

మిగలొచ్చు. పగలనూ వచ్చు. సారు నా నోటివైపే చూస్తున్నాడు. 'ఏం కాదు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"సెప్పలేనత్తా. పగిలినా పగులుతాది" అన్నాను.

తిరుగు బస్సులో అత్తకు కునుకు ముంచుకొచ్చింది. మెడలోని దారం తీసి, పూసను నా చేతిలో పెట్టి, "బద్రం" అని మాత్రం అని కళ్లు మూసుకుంది. ఆ పువ్వు కుటుంబం ఇప్పటికీ తేలలేదు. నేను మాత్రం పిడికిలి బిగించి, పలమనేరులో ఎక్కిన ప్రతి మనిషినీ దొంగను చూసినట్టు చూశాను. వక్కాకు నములుతూ పక్కన కూర్చున్న పెద్దాయన, పాపం, లేచి వేరే సీటుకు పోయాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్ర లెక్చరరు మీద జాలితో నవ్వొస్తుంది. అంత కష్టపడి చేతికొచ్చిన పువ్వును, పుంగనూరు వచ్చేదాకా ఒక్కసారైనా పిడికిలి తెరిచి చూసుకోలేదు వాడు.