ఆఖరి గది దాటింది నేను కాదు

మూడేళ్ళ కిందట ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సంచికలో నేనొక వ్యాసం రాశాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ గురించి, దాని మీద ఆడిన ఒక ఆట గురించి. చాలామందికి నచ్చింది. దుబాయ్‌లో మనవాళ్ళ గ్రూపుల్లో తిరిగి తిరిగి మూడుసార్లు నా ఫోన్‌కే వచ్చింది. పన్నెండేళ్ళ వయసులో ఆ ఆటలోని ఆఖరి గది నేనే దాటానని అందులో రాశాను. దాటింది నేను కాదు, మా పెదనాన్న కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్ద, అక్క. ఆ మాట సరిచెయ్యడానికే ఇది రాస్తున్నాను.

కంప్యూటర్ గురించి రాసింది మాత్రం నిజమే. దుబాయ్ దగ్గరి అల్ ఐన్‌లో పనిచేసే మా బాబాయి ఒకసారి సెలవుకి వస్తూ దుప్పట్లు, టార్చిలైట్లతో పాటు దాన్ని తెచ్చాడు. యంత్రమంతా కీబోర్డులోనే ఉండేది. ప్రతి మీట మీదా ఇంగ్లీషు అక్షరం, దాని పక్కనే అరబీ అక్షరం. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ అరబీ అక్షరాల మీద వేలు పెట్టి రాసి చూసేవారు. దాన్ని టీవీకి తగిలించాలి. యాంటెనా తీగ పీకి దీని తీగ పెట్టి, సాయంత్రం ప్రసారాలు మొదలయ్యేలోపు మళ్ళీ ఎలా ఉన్నది అలా పెట్టెయ్యాలి. లేకపోతే నానమ్మ ఇల్లు పీకి పందిరేసేది. కాబట్టి ఆట మధ్యాహ్నం పూటే, అదీ కరెంటు ఉంటే.

దానితో వచ్చిన ఆట ఒక్కటే. నల్లటి చిన్న డబ్బా ఒకటి పై గాడిలో గుచ్చితే తెర మీద ఒక గోడౌను కనిపించేది. అందులో ఒక బుల్లి మనిషి. చెల్లాచెదురుగా ఉన్న పెట్టెల్ని అతను చుక్కలు పెట్టిన చోటికి చేర్చాలి. తొయ్యడమే, లాగడం లేదు. పెట్టె గోడ మూలకి పోయిందంటే ఇక రాదు, గది మొత్తం మొదటినుంచీ ఆడాలి. ఒక గది పూర్తయితే దానికంటే కష్టమైన ఇంకో గది. గది దాటినప్పుడల్లా తెర మీద ఒక మాట వచ్చేది. అది రాసి పెట్టుకుంటే మర్నాడు అక్కణ్ణుంచి మొదలెట్టొచ్చు. నా లెక్కల నోటుబుక్కు వెనక అట్ట లోపలంతా ఆ మాటలే ఉండేవి.

అక్క కీబోర్డు ముట్టుకోవడానికి లేదు. నానమ్మ ఒప్పుకునేది కాదు.

"కరెంటు సామానే అది. షాకు కొట్టి మొహం కాలితే రేపెవడు చేసుకుంటాడే నిన్ను? ఎడంగా కూర్చో."

"వాడికి కాలితేనో?"

"వాడు మగాడు. కాలినా ఎవరో ఒకత్తి చేసుకుంటుంది."

అక్క ఎడంగానే కూర్చునేది. వీధరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, తెర మీదున్న గదిని అచ్చంగా అక్కడ దించేది. పెట్టెలకి చింతపిక్కలు, మనిషికి నా చొక్కా గుండీ. కరెంటు పోయినా ఆమె ఆట ఆగేది కాదు. నేను విసిగిపోయి మీటలు ఊరికే టపటపా కొడుతుంటే అరుగు మీంచి పిలిచేది. "ముందునుంచి చూస్తే అన్నీ అడ్డమే రా. పెట్టెలన్నీ చుక్కల మీదకి వచ్చేశాయనుకో. అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ వెనక్కి లాగి చూడు. ఎటునుంచి వచ్చిందో అదే చెబుతుంది." ఆటలో లాగడం లేదు కదా అంటే, "ఆటలో లేదు, అరుగు మీద ఉంది," అనేది.

నాకది అప్పుడు అర్థం కాలేదు. ఆమె కిటికీలోంచి చెబుతుంటే నేను నొక్కేవాణ్ణి. పైకి రెండు, ఎడమకి ఒకటి, ఆగు, చుట్టూ తిరిగి రా. ఆఖరి గదికి వారం పట్టింది. ఆ వారంలో సగం రోజులు కరెంటే లేదు. వచ్చిన రోజున ఆమె చెప్పింది, నేను నొక్కాను, ఏదో పాట వచ్చింది, తెర మీద మనిషి గెంతాడు. అంతే.

మరుసటి ఏడు బాబాయి వచ్చినప్పుడు, "ఎవర్రా అన్ని గదులూ దాటింది?" అని అడిగాడు.

"ఇంకెవరు, వీడే," అంది నానమ్మ.

"నువ్వేనా?"

"నేనే," అన్నాను.

అక్క గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలెత్తకుండా, "అవును బాబాయ్, నొక్కింది వాడే," అంది.

ఆ మాటలో ఏముందో బాబాయికి పట్టలేదు. వీడికి కంప్యూటర్లు చెప్పించాలని మా నాన్నతో ఆ రోజే అన్నాడు. ఇంటర్ అయ్యాక రాజమండ్రిలో చేర్పించాడు, తర్వాత దుబాయ్ తీసుకొచ్చాడు. అక్కని పదో తరగతితో మాన్పించారు. అది నావల్ల అని చెప్పలేను. నావల్ల కాదనీ చెప్పలేను.

ఇక్కడ నేను చేరింది గోడౌన్ల కంపెనీ. ఇంటర్వ్యూలో మా ముదీర్, అంటే మేనేజరు, సరదాగా ఏదో అడిగితే, చిన్నప్పుడు ఇలాంటి ఆట ఒకటి మొత్తం దాటానని చెప్పాను. ఆయన కూడా ఇక్కడే పెరుగుతూ ఆ ఆట ఆడినవాడే. ఆఖరి గది ఆయనకి ఎప్పుడూ రాలేదట. బల్ల మీద చరిచి, "ఖలాస్, యల్లా, ఆదివారం నుంచి వచ్చెయ్," అన్నాడు. అప్పట్లో ఇక్కడ వారం ఆదివారంతో మొదలయ్యేది. ఆ తర్వాత కొత్తవాళ్ళెవరు చేరినా నన్ను చూపించి ఆ కథ చెప్పేవాడు. నేను నవ్వుతూ నిలబడేవాణ్ణి. అలా చాలా ఏళ్ళు నిలబడ్డాను.

కరోనా వచ్చిన ఏడు దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉన్నాను. నా భార్య పిల్లలతో ఇండియాలో చిక్కుకుపోయింది. ఆఫీసు పని ఇంటినుంచే. ఒకరోజు మధ్యాహ్నం ఆ ఆట ఇంటర్నెట్‌లో కనిపించింది. అవే రంగులు, అదే గరగరమనే చప్పుడు. అరబీ అక్షరాల కీబోర్డు కూడా బొమ్మలో ఉంది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. కూర్చుని ఆడాను. పదకొండో గదిలో ఆగిపోయాను. తిండి వండుకోవడం, ఆడటం, చేతులు కడుక్కోవడం. పది రోజులు గడిచినా పదకొండో గదే. చివరికి ఎవరో పెట్టిన జవాబు చూసి దాటాను. మిగతావీ అలాగే చూసి దాటాను. కిటికీ అవతల ఎదురు బిల్డింగులో ఒకాయన రోజూ బాల్కనీ తుడుస్తూ ఉండేవాడు.

ఆ ఏడు చివర్లోనే అక్క ఫోన్ చేసింది. అప్పటికి ఆమె ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్ళు. అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట, పిల్లల పని. ఆ ఇంటాయనే ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. గంటన్నర దూరం. ఎనిమిదేళ్ళలో నేను వెళ్ళింది నాలుగుసార్లు.

"కఫీల్ వదిలేస్తానంటున్నాడు రా. పిల్లలు పెద్దాళ్ళయ్యారు, ఇద్దరు పనివాళ్ళు అక్కర్లేదంట. మీ ఆఫీసులో ఏమన్నా ఉంటే చూడు."

"నీకు కంప్యూటర్ రావాలక్కా దానికి."

"వచ్చు. వీళ్ళ పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులన్నీ నేనే పెట్టేదాన్ని. సామాన్ల లెక్కలు కూడా అందులోనే రాస్తున్నా."

"అది వేరు."

"ఓహో. అది వేరా."

"ఇప్పుడు ఖాళీల్లేవక్కా. ఉంటే చెప్తాను."

ఖాళీ ఉంది. అంతకు ముందు వారమే ముదీర్ నన్ను పిలిచి, స్టోర్‌లో ఏ సరుకు ఏ అరలో ఎక్కడుండాలో చూసుకునే మనిషి కావాలి, మీవాళ్ళెవరైనా ఉంటే తీసుకురా, చదువుతో పని లేదు, బుర్ర ఉంటే చాలు అన్నాడు. ఎవరూ లేరన్నాను. ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తూనే ఉంది. ఆమె వచ్చాక ముదీర్ ఏదో ఒకరోజు టీ దగ్గర ఆ కథ ఎత్తుతాడు. ఆమె తలెత్తకుండా ఒక్క మాట అంటుంది. దానికి భయపడ్డాను. ఒక మనిషి వీసా కంటే అది నాకు పెద్దదైంది.

వీసా గడువు అయిపోయేలోపు ఆమెకి ఖోర్ ఫక్కాన్‌లో ఇంకో ఇల్లు దొరికింది. మళ్ళీ వంటే.

ఆ తర్వాతి ఉగాదికే నేను ఆ వ్యాసం రాశాను. ఆఖరి గది నాదన్నాను. అరుగు మీద గళ్ళు గీసింది నేనన్నాను, చింతపిక్కలు పేర్చింది నేనన్నాను, వెనకనుంచి ఆలోచించే ఉపాయం కనిపెట్టింది కూడా నేనే అన్నాను. అబద్ధం రాస్తున్నట్టు అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. ఎవరో దాన్ని ఆమెకి పంపారు. ఆమె నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనకాల కుక్కర్ కూత. "చదివాన్రా. బాగా రాశావ్. మరి ఆ గుండీ ఎవరి చొక్కాదో కూడా రాయాల్సింది."

దానికి జవాబివ్వడానికి రెండేళ్ళ పైనే పట్టింది. పోయిన చలికాలంలో ఒక ఆదివారం, ఆమెకి సెలవున్న రోజు, ఖోర్ ఫక్కాన్ వెళ్ళాను. సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. కాగితపు కప్పుల్లో కరక్ చాయ్.

"ఇంత దూరం వచ్చావేంటి? ఊళ్ళో ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదు. ఊరికే."

"ఊరికే వచ్చే మొహమేనా అది."

చెప్పేశాను. "అప్పుడు మా ఆఫీసులో ఖాళీ ఉందక్కా. నువ్వు అడిగినప్పుడు."

చాయ్ ఊదుకుంటూ ఉంది. ఒక గుక్క తాగి, "ఇప్పుడుందా?" అంది.

"లేదు. అప్పుడే ఒకతన్ని తీసుకున్నారు."

"ఎలా చేస్తున్నాడు?"

"పర్లేదు."

"పర్లేదంటే?"

"ఏది ఎక్కడ పెట్టాడో అతనికే తెలీదు."

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"సంచికలో మళ్ళీ రాస్తానక్కా. ఆఖరి గది దాటింది నువ్వని. నీ పేరు పెట్టి రాస్తా."

నవ్వు ఆగిపోయింది. "వద్దు."

"ఎందుకు?"

"అది రాస్తే ఈ ఖాళీ సంగతీ రాస్తావు. మా ఇంట్లో నేను నీ ఆఫీసులో చేస్తున్నానని చెప్పాను."

నేను ఆమె వంక చూశాను. ఆమె సముద్రం వంక చూస్తోంది.

"ఎప్పట్నుంచి?"

"అల్ ఐన్‌లో వాళ్ళు వదిలేస్తామన్నప్పటినుంచి. నీకు ఫోన్ చేసే ముందే చెప్పేశాను. అడిగితే నువ్వెలాగూ ఇప్పిస్తావు కదా అని. మా అత్తగారు ఆ సాయంత్రానికే వీధంతా చాటింది, కోడలు ఆఫీసులో చేరిందని. ఇంక వెనక్కి ఎలా తీసుకోను?"

"పిల్లకి కూడా అదేనా?"

"దానికి మరీను. ఇంజినీరింగ్ చదువుతోంది కదా. కాలేజీలో అందరికీ చెప్పుకుంది."

"వీడియో కాల్ చేస్తుంది కదా?"

"నా గదిలోంచే మాట్లాడతాను. గోడకి మీ ఆఫీసు క్యాలెండర్ ఉంది. ఒకసారి నువ్వే ఇచ్చావ్, మర్చిపోయావా? ఏడు మారినా తియ్యలేదు. అంకెలు కనపడకుండా నేను అడ్డం కూర్చుంటా."

క్యాలెండర్ ఇచ్చిన సంగతి నాకు గుర్తు లేదు.

"కోపం లేదా అక్కా?"

"ఎందుకుండదు? ఉంది. ఏం చేసుకోను దాంతో? రేపు మేడమ్ వాళ్ళింటికి ఎనిమిదిమంది చుట్టాలొస్తున్నారు." కప్పు నలిపి చెత్తడబ్బాలో వేసి వచ్చింది. "రాయాలనుంటే రాసుకో. నా పేరు పెట్టకు. మన ఊరి పేరు పెట్టకు. నీ పేరు కూడా పెట్టకు. నీ పేరు పెడితే నన్ను పెట్టినట్టే. అల్ ఐన్ అనీ ఇదనీ రాసుకో, పర్లేదు. ఇలాంటోళ్ళం ఇక్కడ ఎంతమంది లేం."

అందుకే ఇది ఆ సంచికకి పంపలేదు. అక్కడ నా పేరుతోనే వేస్తారు. అబద్ధం నా పేరుతో అక్కడ అలాగే ఉంది, నిజం పేరు లేకుండా ఇక్కడుంది. రెండూ చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నా, ఇది దానికి సవరణ అని వాళ్ళకి తెలిసే దారి లేదు. ఇంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

మొన్న మంగళవారం ఆఫీసులో ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది.

"మామయ్యా, అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. మీ దగ్గరుందా?"

"మీటింగ్‌లో ఉందమ్మా."

"అసలు అమ్మ అక్కడ ఏం చేస్తుంది మామయ్యా? ఎప్పుడడిగినా నీకర్థం కాదులే అంటుంది."

నా అద్దాల గదిలోంచి స్టోర్ కనిపిస్తుంది. అప్పుడు ఆ ఖాళీలోకి తీసుకున్న అతను చేతిలో కాగితం పట్టుకుని అరల మధ్య ఏదో వెతుక్కుంటున్నాడు.

"స్టోర్ చూస్తుందమ్మా. ఏ సరుకు ఎక్కడ పెట్టాలో తను చెబుతుంది. మేం పెడతాం."

"బాగా చేస్తుందా?"

"తనంత బాగా చేసేవాళ్ళు ఇక్కడెవరూ లేరు."

"అయితే జీతం పెంచమని చెప్పు మీ బాస్‌కి," అని నవ్వి పెట్టేసింది.

నేను ఖోర్ ఫక్కాన్‌కి మెసేజ్ పెట్టాను. పిల్ల ఫోన్ చేసింది, నువ్వు మీటింగ్‌లో ఉన్నావని చెప్పాను, అయ్యాక చెయ్యి. గంట తర్వాత ఆమె చూసినట్టు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు. నేను పనిలో పడ్డాను.