అర బీటు ఆలస్యం

సోని పుట్టింది దమ్మపేట దగ్గరి ఓ తండాలో. హైదరాబాద్‌లో పదేళ్లు పెళ్లి రిసెప్షన్లలో డాన్స్ చేసింది. అక్కడే ఓ ముసలి మాస్టారు దగ్గర ఫాక్స్‌ట్రాట్ నేర్చుకుంది. ఆడా మగా చేతులు పట్టుకుని, షికారుకు పోతున్నట్టు హాలంతా తిరిగే ఆట అది. తిరిగొచ్చి సారపాకలో మందుల షాపు పైన హాలు కిరాయికి తీసుకుని క్లాసులు పెట్టింది.

అన్నిటికన్నా టైమింగ్ మీదే ఆమెకు పట్టింపు. "స్లో అంటే రెండు బీట్లు, క్విక్ అంటే ఒకటే. స్లో, స్లో, క్విక్, క్విక్. గంతే. బీటు ఎవ్వరి కోసం ఆగదు" అనేది. నిమిషానికి నూట ఇరవై బీట్లకు తక్కువ పాట పెట్టేది కాదు.

పోయిన ఎండాకాలం వెంకటరామారావు, రాజ్యశ్రీ దంపతులు చేరారు. ఆయన పేపర్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. నలభయ్యో పెళ్లిరోజున చుట్టాల ముందు ఆడాలని ఆమె ముచ్చట. కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆఖరి క్విక్‌కి పాదాలు కలిపేటప్పుడు అర బీటు వెనకపడేది.

"మేడం, మళ్ల లేటు!" అని సోని చప్పట్లు కొట్టేది.

"కాస్త నెమ్మదిగా పెట్టవా అమ్మాయ్?" అని ఆమె రెండు మూడుసార్లు అడిగింది. సోని వినలేదు. పెళ్లిరోజుకు ఇంకా పన్నెండు రోజులున్నాయనగా రాజ్యశ్రీ నిద్రలోనే పోయింది.

నెల తిరిగాక ఓ సోమవారం పొద్దున పదకొండింటికి, వాళ్ల పాత టైముకే, వెంకటరామారావు ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు.

"పాట పెట్టమ్మా" అన్నాడు.

ఖాళీ చేతులను ఎదురుగా మనిషి ఉన్నట్టే పట్టుకుని అడుగులు వేయడం మొదలుపెట్టాడు. రెండో చుట్టులో సోనికి ఓ చప్పుడు వినిపించింది. ఆయన పాదాలు కలిపిన వెంటనే ఇంకో చెప్పు నేలకు తాకినట్టు, మెల్లగా. అర బీటు తర్వాత.

రోడ్డు మీద వెదురు లారీలు పోతున్నాయి. సోని కిటికీలన్నీ మూసింది. చప్పుడు ఆగలేదు. అది ఆయన కాళ్ల కింద నుంచి కాదు, ఎదుట నుంచి వస్తోంది. ఆయన కుడి భుజం మీద చొక్కా బట్ట, ఎవరో చేయి ఆనించినట్టు అణిగి ఉంది.

సోని పాట ఆపేసింది. "సార్... అడుగు వినబడ్తుందా?"

ఆయన మొహం మారిపోయింది. "నువ్వు కూడా విన్నావా? నాకొక్కడికే అనుకున్నా. ఇంట్లో వినబడదమ్మా. ఇక్కడే. నువ్వు కోప్పడతావని తొందరపడుతున్నట్టుంది" అన్నాడు.

సోని ఆ సాయంత్రం తల్లి కమ్లికి చెప్పింది. "ఆయనను రావద్దను బిడ్డా, హాలు ఖాళీ జెయ్" అంది కమ్లి. సోని రెండు సోమవారాలు క్లాసు లేదని అబద్ధం చెప్పింది. అన్నం సయించలేదు. మిగతావాళ్లకు నేర్పుతున్నా, 'నెమ్మదిగా పెట్టవా' అన్న గొంతే చెవిలో తిరిగింది.

మూడో సోమవారం తనే ఫోన్ చేసి ఆయన్ని రమ్మంది. ఈసారి పాట వేగం నూట పన్నెండుకు దించింది. అడుగు ఇంకా వెనకే. నూట నాలుగు. దగ్గరైంది. తొంభై ఆరుకు వచ్చేసరికి ఆయన పాదాలు కలిసిన చప్పుడూ, ఆ రెండో చప్పుడూ ఒక్కటైపోయాయి.

సోని ఈసారి చప్పట్లు కొట్టలేదు.

"కరెక్ట్ మేడం" అంది ఖాళీ గాలిలోకి. "తప్పు నాదే."

వెంకటరామారావు కళ్లు మూసుకుని పాట అయిపోయేదాకా ఆడాడు. వానలు పడేదాకా ప్రతి సోమవారం వచ్చాడు. తర్వాత సత్తుపల్లిలో తమ్ముడి దగ్గరికి మారిపోయాడు.

ఇప్పుడు సోని కొత్తగా వచ్చినవాళ్లను ముందు పాట లేకుండా హాలులో నడవమంటుంది. ఆ నడకను బట్టే వేగం పెడుతుంది.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. వరండాలో గచ్చు నేల బాగుందట, ఆ అడుగు అక్కడా వినబడుతోందట.

"ఇక్కడ పాట కూడా అక్కర్లేదమ్మాయ్" అన్నాడు. "ఇప్పుడు నేనే లేటవుతున్నా."