సెంబవాంగ్ ఆంటీ చెప్పిన కార్డిఫ్

పోయిన మంగళవారం పొద్దున రైల్లో ఆఫీసుకు వెళ్తుంటే అంకుల్ ఫోన్ చేశారు. "మీ ఆంటీ ఎల్లిపోనాదమ్మా" అన్నారు. "ఎక్కడికి అంకుల్?" అని అడిగాను.

నన్ను తప్పు పట్టకండి. పాతికేళ్లుగా ఆ ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసినా ఆంటీ ఎక్కడికో వెళ్లే ఉండేది. పార్కుకో, సముద్రం ఒడ్డుకో, కొత్తగా తెరిచిన తోట ఏదైనా ఉంటే అక్కడికో. ఆయనే, "టీ తాగి సోఫాలో కూకుందమ్మా. నాను కప్పు కడిగొచ్చీసరికి అయిపోనాది" అన్నారు. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదుటి ప్లాట్‌ఫాం మీద సెంబవాంగ్ రైలెక్కాను.

ఆమె ఏ సంఘంలోనూ సభ్యురాలు కాదు, ఏ వేదికా ఎక్కలేదు. సింగపూర్ తెలుగువాళ్లలో చాలామందికి ఆమె తెలిసి ఉండదు. నాకు ఇంటి ఓనరు. అంతకుముందు ఎవరూ నేర్పనిది ఒకటి నేర్పిన మనిషి కూడా. అందుకే ఈ నాలుగు మాటలు.

మా తరం ఐటీ ఉద్యోగాల కోసం గుంపులు గుంపులుగా ఇక్కడ దిగిన రోజులవి. నేను వరంగల్ నుంచి వచ్చాను. గది అద్దెకు కావాలని తిరుగుతుంటే, సెంబవాంగ్‌లో ఒక తెలుగు ఆంటీ ఉందని ఎవరో చెప్పారు. వెళ్లాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి షరతులు చెప్పింది. "వంట సేసుకో, బట్టలు ఉతుక్కో, నీ ఇష్టం. ఆదివారం పొద్దున్న మాత్రం మంచమ్మీద కనపడకూడదు. బయటికెల్లాలి."

ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చాడట. ఆ కాలపు తెలుగు ఆమె నోట్లో అలాగే నిలిచిపోయింది. దానికి అరవం, మలయ్ వచ్చి కలిశాయి. సంత ఆమెకు పసార్, షికారు జలాన్ జలాన్. మొదటి నెలంతా సగం అర్థమై సగం కాక తల ఊపుతూ గడిపాను. నా తెలంగాణ మాట ఆమెకూ అంతే కొత్త. "నువ్వు పాట పాడతన్నావో మాటాడతన్నావో తెల్దు గుంటా" అనేది. ఆమె భాషలో గుంట అంటే పిల్ల.

ఆంటీ దగ్గర ఒక కథ ఉండేది. పెళ్లయిన కొత్తలో, సెంబవాంగ్‌లో ఇంకా బ్రిటిష్ వాళ్ల నౌకాస్థావరం ఉన్నప్పుడు, అంకుల్ అక్కడ ఓడలకు రంగులు వేసేవారు. ఆంటీ ఒక అధికారి ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి దొరసానిది కార్డిఫ్. ఇంగ్లీషావిడ అంటే కోపం వచ్చేదట. "నేను వేల్స్ మనిషిని" అని ప్రతివాళ్లనూ సరిదిద్దేదట. మధ్యాహ్నాలు ఎండకు తట్టుకోలేక, ఫ్యాను కింద ఆంటీని కూడా కుర్చీలో కూర్చోబెట్టుకుని తన ఊరి పార్కుల సంగతులు చెప్పేదట. ఆంటీ ఇంగ్లీషు నేర్చుకున్నది అలాగే. ఆ ఊళ్లో పెద్ద చెరువుంది, అందులో హంసలున్నాయి, చెరువు మధ్యలో తెల్లటి దీపస్తంభం ఉంది. కోట పక్కన ఒక గోడ ఉంది, దాని మీంచి రాతి జంతువులు బయటికి దూకబోతున్నట్టు ఉంటాయి. సింహం, ఎలుగుబంటి, కోతులు. దగ్గర్లోనే ఒక బీచి ఉంది, దాని ఒడ్డున ఇసుక బదులు గులకరాళ్లు.

అంకుల్ ఇవేవీ నమ్మేవారు కాదు. "సెరువులో దీపస్తంభం ఎవడు కడతాడే? ఊసుపోక సెప్పింది, నువ్వు నమ్మీసేవు" అని అప్పటికి ముప్పై ఏళ్లుగా ఏడిపిస్తూ వచ్చారు. ఆంటీ లెక్కచేయలేదు. సాయంత్రాలు మా బ్లాకు కింద ఆడుకునే పిల్లల్ని పోగేసి అదే కథ, జంతువుల అరుపులతో సహా చెప్పేది.

ఇంతలో మా కంపెనీ నన్ను ఆరు వారాల పని మీద కార్డిఫ్ పంపింది. ఆ మాట చెప్పగానే ఆంటీ జంతికల గొట్టం పక్కన పెట్టేసింది.

"నిజంగానే? ఆ కార్డిఫేనా?"

"అదేనాంటీ."

"అయితే మూడు పన్లు. సెరువు, గోడ, రాళ్ల బీచి. మూడూ సూసి రా. నాకేటీ కొనక్కర్లేదు."

అలాగే అన్నాను. అది ఫిబ్రవరి. నాలుగున్నరకల్లా వెలుతురు సన్నగిల్లేది. ఆఫీసు, హోటలు, మధ్యలో వాన. అక్కడివాళ్ల యాస నాకు అందేది కాదు, నా యాస వాళ్లకు అందేది కాదు. షాపులో పాలు అడగాలన్నా ముందు మనసులో రెండుసార్లు చెప్పుకునేదాన్ని. శనివారం ఆదివారం హీటరు పక్కన దుప్పటి కప్పుకుని నూడుల్స్ తింటూ పడుకునేదాన్ని. మూడు వారాలు అలాగే పోయాయి.

మూడో ఆదివారం వీధి చివరి ఫోన్ బూత్ నుంచి కార్డు పెట్టి సెంబవాంగ్‌కు ఫోన్ చేశాను. కుశలప్రశ్నలు ఏమీ లేవు.

"సెరువుకాడికి ఎల్లేవా?"

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. వెళ్లలేదంటే చిన్నతనం అనిపించి ఉంటుంది. "పోయినాంటీ. మంచిగుంది" అన్నాను.

"నీళ్ల మధ్యలో తెల్లటి దీపస్తంభం ఉందా?"

నేను అంకుల్ పక్షమే. నవ్వాను కూడా. "చెరువుల లైట్‌హౌస్ ఎందుకుంటది ఆంటీ? అసొంటిదేం లేదు."

"గోడమీద జంతువులో?"

"అవి గూడ లేవు."

ఆంటీ మెల్లగా, "ఓహో. నేవా" అంది. "సరేలే. సలిలో తిరక్కు, జాగర్త" అని పెట్టేసింది.

ఆ రాత్రి నేను హాయిగానే నిద్రపోయాను. అది కూడా చెప్పాలి.

తిరుగు ప్రయాణానికి ముందు శనివారం, ఇంటికి ఏదైనా కొనుక్కుపోదామని తప్పనిసరై బయటికి వచ్చాను. కోట దాటి నడుస్తుంటే వాన జోరందుకుంది. గోడ పక్కన చెట్టు కొమ్మలు కనబడితే వాటి కిందికి పరుగెత్తాను. తల తుడుచుకుని పైకి చూస్తే, నా నెత్తిమీద ఒక రాతి ఎలుగుబంటి గోడ మీంచి ముందుకు వంగి ఉంది. దాని మూతి చివర నుంచి వాననీళ్లు కారుతున్నాయి. పక్కన సింహం. అటుపక్క, ఒకదాన్నొకటి పట్టుకుని రెండు కోతులు. గోడ పొడవునా అలా ఉన్నాయి. అవతల పార్కులో నది ఒడ్డున గడ్డిలో పసుపుపచ్చని పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఆరు వారాలుగా అవన్నీ నా హోటలుకు పది నిమిషాల నడక దూరంలోనే ఉన్నాయి.

సిగ్గుతో అక్కడే నిలబడిపోయాను. తర్వాత సంచిలోని కెమెరా తీసి ఎలుగుబంటిని, సింహాన్ని ఫోటో తీశాను. పక్కనుంచి వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగి, నేను తడుస్తున్నానని తన గొడుగు నా వైపు వంచింది. ఆవిణ్ణే అడిగాను, చెరువు ఎక్కడుందని. నా మాట మూడోసారికి అర్థమైంది. బస్సు నంబరు చెప్పి, బస్సెక్కేదాకా నాతోనే నిలబడింది. చెరువు మధ్యలో, తెల్లగా, దీపస్తంభం ఉంది. హంసలూ ఉన్నాయి. కెమెరాలో మిగిలిన రీలంతా అయిపోయేదాకా ఫోటోలు తీశాను. మర్నాడు రాళ్ల బీచి చూశాను. నడుస్తుంటే బూట్ల కింద గులకరాళ్లు కరకరమన్నాయి.

సింగపూర్‌లో దిగి, పెట్టె ఈడ్చుకుంటూ మా బ్లాకు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆంటీ కింద రాతి బెంచీ మీద కూర్చుని ఉంది. పై అంతస్తు తెలుగువాళ్ల పాప ఆమె చీర కొంగు లాగుతోంది.

"ఆంటీ, స్టోన్ బేర్ స్టోరీ చెప్పు లా" అంది, ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర లా తగిలించి.

"అది ఉత్తిదే పాపా. ఎవరో నాకు సెప్పిన కట్టుకథ. ఇంకోటి సెప్తాను, కూకో."

నేను పెట్టెతో అక్కడే ఆగాను. పాప వెళ్లిపోయాక ఆంటీ నన్ను చూసి నవ్వింది. మేడమీదికి వెళ్తూ లిఫ్టులో తనే అంది, "పోన్లే, దొరసాని ఊసుపోక సెప్పుంటాది. అంత ఎండలో, అయినవాళ్లెవరూ నేని సోట, ఏదోటి సెప్పుకోవాలి గదా. మనిషి మంచిదే."

నా అబద్ధం వల్ల ఎప్పుడో వెళ్లిపోయిన ఒక మనిషి అబద్ధాలకోరు అయింది. ఆంటీ ఆ మనిషిని క్షమించేసింది కూడా. ఆ రాత్రే కెమెరాలోంచి రీలు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

మర్నాడు ఫోటోలు కడిగించి తెచ్చి, భోజనాల బల్ల మీద ఆమె ముందు పరిచాను. ఆంటీ కళ్లజోడు పెట్టుకుంది. ఎలుగుబంటిని చూసింది. దీపస్తంభాన్ని చూసింది, మళ్లీ ఎలుగుబంటిని చూసింది.

"మరి నేదన్నావు?"

"నేను పోలే ఆంటీ. రూముల పండుకున్న. సిగ్గయి, పోయిన అని చెప్పిన."

తిడుతుందనుకున్నాను. ఆమె ఫోటోను వేలితో మెల్లగా తడుతూ, "సూడనేదు వేరు, నేదు వేరు గుంటా" అంది. "సూడనేదు అంటే నీ సంగతి. ఎవడికీ నష్టం నేదు. నేదు అన్నావంటే ఊరి సంగతి, ఇంకో మనిషి సంగతి. అది నీ సేతుల్లో నేదు."

తర్వాత వంటగదిలోకి చూస్తూ, "ఏవండీ, ఓపాలి ఇటు రండి. మీకు పనుంది" అని పిలిచింది. అంకుల్ వచ్చి ఫోటోలన్నీ చూశారు. "ఎవడో రబ్బరుతో సేసి పెట్టుంటాడు" అన్నారు. ఆయన ఓడిపోవడం అంత తేలిక కాదు.

ఆ మాట నాకు ఉద్యోగంలో ఎంత పనికొచ్చిందో చెప్పలేను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే నా పని. ఈనాటికీ రిపోర్టులో "తప్పుల్లేవు" అని రాయబోయి, ఆగి, "ఇంతవరకే చూశాం" అని రాస్తాను. నా కింద పనిచేసే పిల్లలు ఇది చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి.

అబద్ధానికి శిక్ష మాత్రం పడింది. ఏడాదిపాటు ప్రతి ఆదివారం పొద్దున ఆంటీతో బయటికి వెళ్లాలి. బుకిట్ బటోక్‌లో కొండరాళ్ల మధ్య చెరువు, బెడోక్‌లో రిజర్వాయరు చుట్టూ నడక, మా సెంబవాంగ్ సముద్రం ఒడ్డు, ఏదీ వదల్లేదు. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ. బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసేది, అంటే ఈ చోటు మాది అని ఊరందరికీ చెప్పడం. వానొస్తే నేను పరుగెత్తేదాన్ని, ఆమె ఆగేది. "తడుస్తాం, అంతే గదా. ఉప్పు బస్తాలమేటి?" ఏడాది ఎప్పుడు అయిపోయిందో ఇద్దరమూ గమనించలేదు. పెళ్లయి నేను వేరే ఫ్లాట్‌కు మారాక కూడా ఆ శిక్ష నడుస్తూనే ఉంది.

కొన్నేళ్ల తర్వాత ఎండాకాలంలో నాకు మళ్లీ కార్డిఫ్‌లో పని పడింది. ఈసారి ఆంటీ, అంకుల్ టిక్కెట్లు కొనుక్కుని నా వెంటే వచ్చేశారు. గోడ దగ్గర అంకుల్ సింహం ఎదురుగా నిలబడి, దాని పాదం మీద చేయి వేసి రాయో కాదో చూసుకున్నారు. రంగులు వేసిన చేయి కదా, మోసపోదు. చివరికి గొంతు సవరించుకుని, "సరే. నువ్వు సెప్పిందే నిజం" అన్నారు. ఆంటీ నా వైపు తిరిగి, "ఫోటో తియ్యవే. ఈ ముఖం మళ్లీ దొరకదు" అంది.

దొరసాని ఇంటిపేరు ఆమెకు గుర్తుంది. రాళ్ల బీచి దగ్గర టీ దుకాణంలో అడిగింది, చెరువు దగ్గర పడవలవాణ్ణి అడిగింది. ఎవరికీ తెలియలేదు. బాధపడుతుందేమోనని ఆమె ముఖం చూశాను. ఆంటీ ఐస్‌క్రీం తింటూ, "ఊరు సూసీసేను గదా. ఆవిణ్ణి కూడా సూసినట్టే" అంది. ఆ మధ్యాహ్నమంతా గడ్డి మీద చెప్పులు విప్పేసి నడిచింది.

ఈ రెండేళ్లుగా మోకాళ్లు సహకరించక చక్రాల కుర్చీలోనే తిరిగేది. అయినా ఆదివారాలు ఆగలేదు. ఆమె పోవడానికి ముందు నెల సెంబవాంగ్ పార్కుకు తీసుకెళ్లాను. సముద్రం బాగా వెనక్కి వెళ్లి ఉంది. నీళ్ల దాకా తీసుకెళ్లమంది. వద్దన్నా వినలేదు. సగం దూరం వెళ్లేసరికి చక్రాలు తడి ఇసుకలో దిగబడ్డాయి. లాగితే ఇంకా దిగబడ్డాయి. దగ్గర్లో చేపలు పడుతున్న ఇద్దరు మలయ్ పెద్దమనుషులు గాలాలు పక్కన పెట్టి వచ్చారు. నన్ను తప్పుకోమని, ఆమెను కుర్చీతో సహా పైకెత్తారు. గట్టు వైపు తిప్పబోతే ఆంటీ తల అడ్డంగా ఊపి, సముద్రం వైపు వేలు చూపించింది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. "పెలాన్ పెలాన్" అని ఆమె వాళ్లకు చెబుతోంది, మెల్లగా, మెల్లగా అని. వాళ్లు ఆమెను పల్లకీలో మోసినట్టు మోసుకుంటూ నీళ్లలోకి నడిచారు. మడమల దాకా, పిక్కల దాకా. ఆమె చీర అంచు అలల మీద తేలింది.