గట్టు నుంచి ఎన్ని అంగలు

రాజోలుకు దిగువన, గోదావరి పాయ మధ్య ఉన్న పొన్నలంకలో మా పేట ఉండేది. అరవై రెండు గడపలు, ఒక ప్రార్థన మందిరం, ఒక నుయ్యి. ఇప్పుడక్కడ నీళ్ళున్నాయి. ఆ పేట ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలింది నతానియేలు మాష్టారు పెన్సిలుతో రాసిన పొడుగాటి పుస్తకం ఒక్కటే.

మాష్టారు మిషను బడిలో ఒకటి నుంచి అయిదు దాకా పాఠాలు చెప్పేవారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. అన్నం తనే వండుకునేవారు గాని కూర మాత్రం రోజుకొక ఇంటినుంచి వచ్చేది. ఆ వంతు ఎవరూ పెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

పందొమ్మిది వందల నలభై ఒకటిలో జోజి తాత ప్రభువు పిలుపు అందుకున్నాడు. తొంభై ఏళ్ళు దాటినవాడు. సమాధి దగ్గర ఎవరో, మన మందిరం ఏ ఏడు కట్టేరో అని అడిగారు. ఆ సంగతి తెలిసిన మనిషి పెట్టెలో పడుకుని ఉన్నాడు. మర్నాడు మాష్టారు రాజోలు వెళ్ళి అట్ట పుస్తకం కొనుక్కొచ్చారు.

ప్రతి కట్టడానికీ ఒక పేజీ. ఎవరు కట్టేరు, ఏ ఏడు, గోడ మట్టిదా ఇటుకదా, కప్పు తాటాకా పెంకా, సున్నం ఎక్కడినుంచి తెచ్చేరు, ఎవరు పుట్టేరు, ఎవరు పోయేరు. చివరి వరసలో ఆ కట్టడం ఎక్కడున్నదీ రాసేవారు. మా లంకలో ఇల్లెక్కడని అడిగితే ఏటి గట్టు నుంచి చెప్పడమే అలవాటు. అందుకని మాష్టారు గట్టు అంచున చెప్పులు విడిచి, అక్కడినుంచి అంగలు లెక్కపెట్టుకుంటూ గుమ్మం దాకా నడిచేవారు. మందిరం: గట్టు నుంచి నూట నలభై అంగలు. నుయ్యి: నూట పన్నెండు.

"ఇళ్ళు ఎక్కడికీ పారిపోవు కదండీ మాష్టారూ, ఎందుకండీ ఈ కొలతలు?" అని పడవ నడిపే గంగరాజు ఆటపట్టించేవాడు.

"నేను పారిపోతాను కదా గంగరాజూ. ఆ లోపల రాసెయ్యాలి."

"అయితే ఆ రోజు నా పడవలోనే దాటిస్తానండి. మీరెలాగూ డబ్బులివ్వరు."

మాష్టారు డబ్బులివ్వబోతే ఏనాడూ పుచ్చుకోనివాడు ఆ మాట అనేవాడు.

పేట రాయడం అయ్యాక ఆయన ఒడ్డున ఉన్న ఊళ్ళ మీద పడ్డారు. పాత మండువా లోగిళ్ళు, పడవలవాళ్ళ సత్రం, కూలిపోయిన, ఉప్పు నిలవచేసే కొటారు, అన్నీ రాశారు. వీరాయమ్మగారి మండువా ఇల్లు నూరేళ్ళ నాటిది. మాష్టారు వీధిలోనే నిలబడ్డారు. ఆ రోజుల్లో ఆయన్ని లోపలికి రమ్మనే ఆచారం ఆ ఇంట్లో లేదు, కాదని పిలిచే ధైర్యం ఆవిడకీ లేదు. కాసేపు తటపటాయించి ఆ ముసలావిడే చీరకుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని లోపల నడుస్తూ, కిటికీలోంచి అంకెలు కేకేసి చెప్పింది.

"మండువా పందొమ్మిది నాయనా! నావి కోడి అంగలు, నువ్వు సగం వేసుకో!"

"ఆయ్, అలాగేనండి!"

వెళ్ళేటప్పుడు చెంబుడు మజ్జిగ అరుగు మీద పెట్టించింది. "వీరాయమ్మగారి అంగలు పందొమ్మిది, మజ్జిగ ఇప్పించారు" అని పుస్తకంలో రాసి ఉంది.

ఏటా వరద తీసేసరికి గోదావరి లంకను కొంత కోసుకుపోయేది. అది అందరం చూస్తున్నదే. అంచు వెనక్కి జరిగితే జరిగినచోటునే గట్టు అనేవాళ్ళం. పన్నెండేళ్ళు ఒక్కొక్క పేజీ నింపుతూ వచ్చిన మాష్టారుకు కూడా అందులో ఆలోచించవలసింది కనబడలేదు.

యాభై మూడు ఆగస్టులో వచ్చిన పెద్ద వరద మూడు రోజుల్లో పేటనంతా తీసుకుపోయింది. గంగరాజు పడవలో మనుషులం ఒడ్డెక్కాం. మా పేటలోని ఎలీసమ్మ కొబ్బరితాళ్ళ చుట్టలు వదిలేసి మాష్టారి రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది. అందులో పుస్తకం ఉంది. ఆమె ఆ తాళ్ళు అమ్ముకుని బతికే మనిషి.

కాలవ గట్టు మీద తాటాకు పాకలు వేసుకున్నాం. నెల తరవాత రెవిన్యూ ఇన్‌స్పెక్టరు కేశవరావుగారు కాలవ మీద పడవలు దాటించే లాకు దగ్గర బల్ల వేయించుకుని కూర్చున్నారు. నెమ్మదైన మనిషి. సర్కారు లంక భూమిలో ఇల్లు పోయినవాళ్ళకు ఒడ్డున ఇళ్ళస్థలం ఇస్తారట. కామందుల సొంత జిరాయితీ భూమిలో ఉన్నవాళ్ళకు మాత్రం ఇవ్వరట. పొన్నలంకలో రెండు రకాల భూమీ ఉంది. మా పేట ఎందులో ఉందో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. హద్దు రాళ్ళు ఏట్లో కలిసిపోయాయి.

అందరం మాష్టారి వైపు చూశాం. ఆయన పెట్టె తెరిచి పుస్తకం బల్ల మీద పెట్టినప్పుడు ఎలీసమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పింది.

కేశవరావుగారు పేజీలు తిప్పుతూ, "ఎంత బాగా రాసేరండీ, మా ఆఫీసులో కూడా ఇలా ఉండదు," అన్నారు. తరవాత పటం పరిచి చాలాసేపు చూశారు. "అన్నీ గట్టు నుంచే కొలిచేరు. ఏ ఏడాది గట్టండీ?"

మాష్టారు పుస్తకం తన వైపు తిప్పుకుని పేజీ చివరి వరస చూశారు.

"ఇదుగో హద్దు గీత. గట్టు నలభై అంగలు ఇటుంటే మీ పేట సర్కారుది, అటుంటే కామందుది. ఇల్లు కట్టిన ఏడు రాసేరు, కొలిచిన ఏడు రాయలేదు. పోనీ, ఈ లాకు రాయిలా కదలని గుర్తు నుంచి ఎక్కడైనా కొలిచేరా?"

"లేదండి."

"ఎనిమిది రోజులు ఆగుతాను. మీవాళ్ళనడిగి ఏళ్ళు తేల్చుకు రండి."

మాష్టారు పాక పాకకూ తిరిగారు. కొలిచిన ఏడు గట్టు ఎక్కడుండేదో గుర్తుందా అని అడిగేవారు. మావాళ్ళకు ఆయన్ని కాదనడం రాదు.

"చింతచెట్టు దగ్గరేమో కదా ఎలీసమ్మా?"

"ఆయ్, చింతచెట్టు దగ్గరేనండి."

"కాదేమో, దానికి అవతలేమో."

"ఆయ్, అవతలేనండి. మీరెంతంటే అంతేనండి మాష్టారూ."

"నేనేమన్నానని కాదమ్మా, నీకు గుర్తున్నది చెప్పు."

"నాకేం తెలుసండీ, మీరు రాసేరు కదా."

అరవై రెండు పాకల్లోనూ అదే. ప్రేమతోనే అన్నారు. ఎనిమిదో రోజుకు ఆయన చేతిలో ఒక్క ఏడూ లేదు.

లాకు దగ్గర కేశవరావుగారు కాగితం ముందు పెట్టుకుని, గొంతు తగ్గించారు. "మాష్టారూ, రికార్డు లేదు. మీ వాంగ్మూలమే ఆధారం. పేట సర్కారు భూమిలోనే ఉండేదని దేవుని ఎదుట ప్రమాణం చేసి ఒక్క మాట చెప్పండి, రాసేసుకుంటాను. నన్నెవరూ అడగరు, మిమ్మల్నీ అడగరు."

మేమంతా వెనక నిలబడి ఉన్నాం. గంగరాజు మెల్లగా, "చెప్పెయ్యండి మాష్టారూ," అన్నాడు.

మాష్టారు బల్ల అంచు పట్టుకున్నారు. నలభై ఏళ్ళు పిల్లలకు అబద్ధ సాక్ష్యం పలకకూడదనే ఆజ్ఞ వల్లె వేయించిన మనిషి. అది అబద్ధమని కూడా ఆయనకు తెలియదు. నిజమని మాత్రం తెలియదు.

"నాకు తెలియదండి," అన్నారు.

కేశవరావుగారు కలం మూత పెట్టేసి, పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి ఆయనకిచ్చారు.

స్థలాలు రాలేదు. ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. కూర వంతు మర్నాటినుంచి మళ్ళీ మొదలైంది. మాష్టారు ఆ గిన్నెల వంక చూడలేకపోయేవారు. "ఎందుకమ్మా నాకు," అంటే, "తినండి, చల్లారిపోద్ది," అనేవారు మావాళ్ళు.

కాలవ గట్టు కూడా మాది కాదు. ఏడాదికోసారి లాకు కూలీ దుర్గారావు వచ్చి, పాకలు తీసెయ్యమన్నారండీ అని తలొంచుకుని చెప్పేవాడు. ఆయ్, తీసేస్తామండీ అని చెప్పి, బొండం కొట్టి ఇచ్చి పంపేవాళ్ళం.

యాభై ఆరులో మాష్టారు మంచం పట్టారు. ఒకనాడు ఎలీసమ్మ చేపల పులుసు తెచ్చి, మంచం పక్కన కూర్చుంది.

"మాష్టారూ, ఈ పాక రాయలేదేంటండీ పుస్తకంలో? ఖాళీ పేజీలున్నాయి కదా."

"రాస్తే ఏం లాభం ఎలీసమ్మా?"

"లాభం కోసమా అప్పుడు రాసేరు? రాయండి. నేను కట్టేను, తాటాకు కప్పు, గోడలు తడికలు."

మాష్టారు పెన్సిలు తీసుకున్నారు. అంతవరకూ రాశారు. చివరి వరస దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"ఎక్కడినుంచి కొలవమంటావమ్మా?" అన్నారు.

ఎలీసమ్మ బయటికి చూసింది. కాలవ, గట్టు, ఆ పైన పాకలు. గట్టు మీదే పాక, గట్టు నుంచి కొలవడానికి లేదు.

"మీ ఇష్టమండి," అంది.

ఆ పేజీలో చివరి వరస ఖాళీగానే ఉంది.