అక్క కాలనీ మీదుగా వచ్చిన బైపాస్

అమ్మకు ఆయాసం ఎక్కువైనప్పుడు డాక్టరు రెండు మాటలు చెప్పాడు. బీడీలు చుట్టడం మానాలి, పొగలో ఉండకూడదు. మొదటిది మాన్పించాం. రెండోదే కష్టం. ఈ మరాఠీ ఊళ్లో, కుంఠా నాకా అనే పేటలో, మా ఇల్లు లారీలు తిరిగే రోడ్డు మీదే ఉంది. నేను టవళ్లు నేసే కార్ఖానా వెనక సందులో ఉంది. పొద్దున తుడిచిన గడప మధ్యాహ్నానికి నల్లబడేది.

ఊరి బయట బీడీ కార్మికుల కాలనీలో అక్క ఉంది. ఆ ఇళ్లు దాటితే జొన్నచేలే. అమ్మను అక్కడికి పంపాం. చలికాలమంతా దగ్గు లేకుండా నిద్రపోయింది.

ఆ చేల మీదుగానే బైపాస్ వేయడం మొదలుపెట్టారు. ఆటోలు ఇంటిదాకా వస్తాయని అక్క మొదట సంతోషపడింది. టిప్పర్లు మట్టి పోసినకొద్దీ దుమ్ము ఇళ్లలోకి కొట్టింది. అక్క బీడీలు చుట్టే తునికాకును తుడిచి తుడిచి కత్తిరించేది. అమ్మకు దగ్గు తిరగబెట్టింది. బావ, నేను వెళ్లి రోడ్డు పని మేస్త్రీని బతిమాలితే నీళ్ల ట్యాంకరు పెట్టి మట్టి తడిపించాడు. కొన్నాళ్లు ఊపిరాడింది.

ఎండాకాలంలో కాలనీ కుళాయిలు ఎండాయి. ఆడవాళ్లు బిందెలతో ఆ ట్యాంకరుకే అడ్డం నిలబడ్డారు. ముందున్నది మా అక్క. డ్రైవరును మరాఠీలో కడిగేసి, బిందె నింపుకొని ఇంటికొచ్చింది.

"ఏం జేయాలె అమ్మా? తాగనీకి లేని నీళ్లు మట్టికి పోస్తుంటే సూస్కుంట కూసుంటమా?" అంది.

"మంచిగ జేసినవ్ బిడ్డా," అంది అమ్మ, దగ్గుతూనే.

ఆ తర్వాత ట్యాంకరు రాలేదు. దుమ్ములోనే పని నడిచింది.

రోడ్డు తెరిచాక లారీలన్నీ అటు మళ్లాయి. నాకాలో పొగ తగ్గింది. నేను అమ్మను తీసుకురావడానికి వెళ్లాను. అమ్మ సంచి సర్దుకుంది కానీ లేవలేదు.

"నేనైతే పోత. మరి ఇదెట్ల?" అని అక్క వైపు చూసింది.

"నువ్వు పోవే అమ్మా. ఇల్లు ఈడ, పని ఈడ. నేను యాడికి పోత?" అని అక్క సంచి తీసి నా చేతికిచ్చింది.

నాకాలో ఇప్పుడు అమ్మ మెట్లెక్కి మిద్దె మీదికి పోగలుగుతోంది. ఆయాసానికి మందు పీల్చడం తగ్గింది, పూర్తిగా మానలేదు. రోజూ పొద్దున అక్కకు ఫోన్ చేస్తుంది. ఈ మధ్య అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గుతోంది.